పాత పికప్ రిపేరు: చెడింది ఒకటి, చెడగొట్టింది ఇంకొకటి

ఇంటి దగ్గర సొంతంగా బాగు చేసుకోవడానికి పాత పికప్ అంత అనువైన బండి మరొకటి దొరకడం కష్టం. నిచ్చెన ఆకారంలో చాసిస్, దాని మీద బోల్టులతో బిగించిన క్యాబిన్, వెనక విడిగా సామాను వేసే బాడీ, కమాన్ పట్టీల మీద కూర్చున్న వెనక హౌసింగ్ (వెనక చక్రాల ఇరుసు, దాన్ని తిప్పే గేర్లు ఉండే ఇనుప గుల్ల). దేన్నయినా మిగతావాటి జోలికి పోకుండా ఊడదీయవచ్చు. బానెట్ ఎత్తితే ఇంజన్ చుట్టూ చెయ్యి పెట్టేంత ఖాళీ ఉంటుంది. కిందికి దూరడానికి ఎత్తు ఉంటుంది.

ఈ సౌకర్యంలోనే ఒక ఇబ్బంది కూడా ఉంది. సులువుగా ఊడివస్తుంది కాబట్టి అనుమానం వచ్చిన ప్రతి పార్టునూ మార్చేయాలనిపిస్తుంది. సెల్ఫ్ బరువుగా తిరిగితే ముందు బ్యాటరీ మారుతుంది. తగ్గకపోతే సెల్ఫ్ మోటార్, ఆ తర్వాత డైనమో. మూడూ మారాక కూడా జబ్బు అలాగే ఉంటుంది, ఎందుకంటే లోపం బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజన్‌కు కలిపే, తుప్పు పట్టిన ఎర్త్ కేబుల్లో ఉంది. పాత బండిలో కంటికి కనబడేది చాలాసార్లు ఫలితం మాత్రమే. దాని కారణం రెండడుగుల దూరంలో, ఎవరూ పట్టించుకోని చిన్న పార్టులో ఉంటుంది.

వర్క్‌షాపులో అనుభవం ఉంటుంది, లిఫ్ట్ ఉంటుంది, ప్రెస్ ఉంటుంది. లేనిది తీరిక. ఒక బండి కదిలితేనే ఇంకో బండి లోపలికి వస్తుంది కాబట్టి కనబడిన పార్టు మార్చి పంపడమే వాళ్ళకు లాభం. ఇంట్లో పని చేసుకునేవారికి అన్నీ తక్కువే గానీ సమయం మాత్రం ఉంటుంది. ఆ సమయాన్ని బోల్టులు విప్పడానికి కాక కారణం వెతకడానికి ఖర్చు పెట్టినవారి బండే ఎక్కువ కాలం తిరుగుతుంది.

వెనక బ్రేకుల్లో తరచూ కనబడే ఒక సమస్యను దగ్గరగా చూస్తే ఇది అర్థమవుతుంది. బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకి లాగుతుంది. డ్రమ్ము విప్పి చూస్తే బ్రేక్ షూలు నూనెలో నానినట్టు ఉంటాయి. వాసన చూస్తే అది బ్రేక్ ఆయిల్ కాదు, గేర్ ఆయిల్. హౌసింగ్ చివర ఉండే ఆయిల్ సీల్ పోయిందన్నమాట. కొత్త సీల్, కొత్త షూలు వేస్తారు. కొన్ని నెలలకు మళ్ళీ అదే కథ, ఈసారి రెండో పక్క కూడా.

సీల్ నాసిరకం అని తిట్టుకునే ముందు హౌసింగ్ పైభాగంలో చూడాల్సింది ఒకటుంది, బ్రీదర్. వేలెడంత గొట్టం, కొన్ని బండ్లలో దానికి తగిలించిన రబ్బరు పైపు పైకి చాసిస్ దాకా వెళ్తుంది. బండి నడుస్తుంటే హౌసింగ్‌లో నూనె, గాలి రెండూ వేడెక్కుతాయి. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది, బ్రీదర్ దాన్ని బయటికి వదులుతుంది. ఏళ్ళ తరబడి బురద, దుమ్ము కూరుకుపోయి ఆ రంధ్రం మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. అది ఉన్నవాటిలో బలహీనమైన దారి వెతుక్కుంటుంది, ఆ దారి సీల్ పెదవే. నిజానికి సీల్ బాగానే ఉండవచ్చు. ఒత్తిడిని ఆపడం దాని పని కాదు, నూనెను ఆపడమే దాని పని. దీనికి ఎదురు దిశలో కూడా నష్టం ఉంది. వేడి హౌసింగ్ నీళ్ళలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుంటుంది. బ్రీదర్ మూసుకుపోయి ఉంటే అదే సీల్ గుండా నీళ్ళు లోపలికి వస్తాయి. డ్రెయిన్ చేసినప్పుడు నూనె పాలు కలిసినట్టు తెల్లగా కనబడితే జరిగింది ఇదే.

పరీక్ష చాలా తేలిక. రబ్బరు పైపు ఊడదీసి నోటితో ఊదితే గాలి ఆడాలి. ఆడకపోతే శుభ్రం చేసినా చాలు, మార్చినా పెద్ద పనేం కాదు. అయితే అన్ని లీకులకూ బ్రీదరే కారణం అనుకోవడం కూడా పొరపాటే. యాక్సిల్ షాఫ్టును చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఆట తెలుస్తోందా అని చూడాలి. తెలిస్తే బేరింగ్ అరిగింది, దాని మీద తిరిగే ఏ సీలూ నిలవదు. షాఫ్టు మీద సీల్ ఆనే చోట గోరుకు తగిలేంత గాడి పడినా అంతే.

హౌసింగ్ ఆయిల్ మార్చే పనిలో ఒక చిన్న జాగ్రత్త గొప్ప తలనొప్పిని తప్పిస్తుంది. కింద డ్రెయిన్ ప్లగ్గు విప్పే ముందు పైన నూనె పోసే ప్లగ్గు ఊడుతుందో లేదో చూసుకోవాలి. కిందది విప్పి నూనె అంతా వదిలేశాక పైది బిగుసుకుపోయి ఉందని తెలిస్తే బండి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. గేర్ బాక్సుకూ ఇదే వర్తిస్తుంది. గేర్ బాక్సులో పోసే నూనె విషయంలో ఇంకో మెలిక ఉంది. హౌసింగ్‌లో వాడే జీఎల్-5 రకం నూనెను పాత మాన్యువల్ గేర్ బాక్సుల్లో కూడా పోసేస్తుంటారు. దానిలోని రసాయనాలు కొన్ని గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రోనైజర్లను మెల్లగా తినేస్తాయి. తయారీదారు జీఎల్-4 అని రాస్తే జీఎల్-4 పోయాలి. ఇక్కడ “ఇంకా మంచిది” అనే మాటకు అర్థం లేదు.

ఇంజన్ ఆయిల్ లీకుల వెనక కూడా చాలాసార్లు ఇదే సూత్రం. పిస్టన్ రింగుల పక్క నుంచి కొంచెం గ్యాస్ ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుంది. దాన్ని మళ్ళీ ఇన్‌టేక్ లోకి పంపేది పీసీవీ వాల్వ్. అది జిడ్డుతో బిగుసుకుపోతే ఇంజన్ అడుగున ఒత్తిడి పెరిగి వాల్వ్ కవర్ గాస్కెట్, వెనక మెయిన్ సీల్ చెమ్మగిల్లడం మొదలవుతుంది. వెనక సీల్ మార్చాలంటే గేర్ బాక్సు దింపాలి. పీసీవీ వాల్వును చేత్తోనే పీకవచ్చు. ఏది ముందు చూడాలో వేరే చెప్పనక్కర్లేదు. ఇంజన్‌ను డీగ్రీజర్‌తో కడిగి ఆరనిచ్చి, కొంత దూరం నడిపి, లీకు పై నుంచి కిందికి వెతుక్కుంటూ రావాలి. నూనె కిందికీ వెనక్కీ పాకుతుంది కాబట్టి చుక్క పడిన చోటు లీకు ఉన్న చోటు కాదు.

కరెంటు పనులంటే చాలామందికి టెన్షన్. కానీ పాత పికప్‌లో ఇంటి మెకానిక్ అందరికంటే బాగా చేయగలిగేది ఇదే, ఎందుకంటే కావలసింది ఓపిక, ఒక మామూలు మల్టీమీటర్. పూర్తి చార్జింగ్ ఉన్న 12 వోల్టుల బ్యాటరీ కాసేపు ఊరికే ఉంచాక 12.6 వోల్టులు చూపాలి. 12.2 అంటే దాదాపు సగం ఖాళీ. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాకా ఉంటే డైనమో తన పని చేస్తోంది. ఈ రెండు కొలతలూ సరిగా ఉండి కూడా సెల్ఫ్ బద్ధకంగా తిరిగితే అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది.

మీటరును ఓమ్స్‌లో పెట్టి ఎర్త్ కేబుల్‌ను కొలిస్తే సున్నా చూపిస్తుంది, కేబుల్ బాగుందనిపిస్తుంది. మోసపోయేది ఇక్కడే. తుప్పు పట్టిన జాయింట్‌లో నిరోధం ఓమ్‌లో నూరో వంతు ఉందనుకుందాం. మామూలు మీటరుకు అది అందదు. కానీ సెల్ఫ్ మోటార్ 150 ఆంపియర్లు లాగినప్పుడు ఆ నూరో వంతే 1.5 వోల్టులు మింగేస్తుంది. అందుకే కరెంటు పారుతుండగా వోల్టేజీ కొలవాలి. సెల్ఫ్ తిరిగినా ఇంజన్ స్టార్ట్ కాకుండా స్పార్క్ ప్లగ్గులకు కరెంటు కట్ చేసి, మీటరు నల్ల తీగను బ్యాటరీ నెగెటివ్ మొన మీద, అంటే క్లాంపు మీద కాకుండా సీసపు మొన మీదే ఆనించాలి. ఎర్ర తీగను ఇంజన్ బ్లాక్ మీద శుభ్రమైన లోహానికి ఆనించి, వేరొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. 0.2 వోల్టుల చుట్టుపక్కల ఉంటే ఎర్త్ బాగుంది. అంతకంటే బాగా ఎక్కువ ఉంటే ఆ దారిలోనే ఎక్కడో అడ్డు ఉంది. నల్ల తీగను మొన నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి కేబుల్ చివరకు జరుపుతూ పోతే అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతుందో అక్కడే తుప్పు. పాజిటివ్ వైపు, బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటార్ దాకా ఇదే పద్ధతి, అక్కడ అర వోల్టు వరకు చూసీచూడనట్టు వదిలేయవచ్చు.

పికప్ వెనక లైట్లు చేసే చిత్రాలు కూడా ఎక్కువగా ఎర్త్ పుణ్యమే. బ్రేక్ తొక్కితే ఇండికేటర్ మసకగా వెలుగుతుంది, పార్కింగ్ లైట్ వేస్తే ఇంకేదో ఆరిపోతుంది. వైరింగ్ మొత్తం మార్చాలని బేరం మొదలవుతుంది. వెనక బాడీ చాసిస్ మీద రబ్బరు, తుప్పు బోల్టుల మధ్య కూర్చుని ఉంటుంది. లైటు ఎర్త్ ఆ బోల్టుల గుండా పోవాల్సి వస్తే ఏదో ఒక రోజు దారి మూసుకుపోతుంది. తిరుగుదారి దొరకని కరెంటు పక్క ఫిలమెంట్ గుండా వెనక్కి వెళ్తుంది, అందుకే సంబంధం లేని బల్బు వెలుగుతుంది. లైటు నుంచి చాసిస్‌కు ఒక కొత్త తీగ వేసి, ఆ చోట పెయింట్ గీకి బిగిస్తే చాలు.

ఇంజన్ ఆరోగ్యం తెలుసుకోవడానికి కంప్రెషన్ గేజ్‌ను మించింది లేదు. ఇంజన్ వేడిగా ఉండగా స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్‌ను నాలుగైదు చుట్లు తిప్పి చూడాలి. పాత పెట్రోలు ఇంజన్లలో 120 నుంచి 170 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) మధ్య రావడం మామూలు. అంకె ఎంత అన్నదాని కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అన్నిటికంటే తక్కువది అన్నిటికంటే ఎక్కువదానిలో 75 శాతమైనా ఉండాలి. తక్కువగా ఉన్న సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే కారణం తేలుతుంది. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే ముందు హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. ఈ పరీక్ష చేయకుండా “ఇంజన్ బోర్‌కి వచ్చింది” (సిలిండర్లు అరిగిపోయాయి) అనే మాట ఎవరు చెప్పినా నమ్మకూడదు.

కూలింగ్ గురించి రెండు మాటలు చాలు. రేడియేటర్ మూతలోని స్ప్రింగు, రబ్బరు కూడా వయసు మీరుతాయి. 15 పీఎస్ఐ మూత బాగుంటే నీళ్ళు, కూలెంట్ సగం సగం కలిపిన ద్రవం దాదాపు 129 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. ఒత్తిడి నిలవని మూతతో అదే ద్రవం 107 దగ్గరే మరిగిపోతుంది. వాటర్ పంపు, రేడియేటర్ మార్చే ఆలోచన మూత పరీక్షించాకే. వేడి ఇంజన్ మీద ఆ మూత తిప్పితే మొహం కాలుతుంది.

బ్రేకుల దగ్గర మాత్రం తొందర పడటానికి వీల్లేదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. బరువు వేసుకుని ఘాట్ రోడ్డు దిగే పికప్‌కు ఇది ప్రాణం మీది విషయం. మరిగిన నూనెలో ఆవిరి బుడగలు చేరి, పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. రెండేళ్ళకోసారి మార్చడం మేలు.

ఒక ముందు చక్రం బ్రేక్ వదలకుండా పట్టుకుని వేడెక్కుతుంటే అందరూ క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) మారుస్తారు. దోషి రబ్బరు హోస్ కావచ్చు. దాని లోపలి పొర ఉబ్బి రంధ్రం సన్నబడుతుంది. కాలి ఒత్తిడికి నూనె ముందుకు పోతుంది గానీ వదిలినప్పుడు వెనక్కి రాదు. చక్రం పట్టేసినప్పుడు క్యాలిపర్ మీది బ్లీడర్ నిపిల్ (నూనె, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) కొంచెం వదులు చేయాలి. చక్రం వదలకపోతే క్యాలిపరే బిగుసుకుంది. వదిలితే ఒత్తిడి ఎక్కడో నిలిచిపోయింది. అలాంటప్పుడు ఇంకోసారి చక్రం పట్టేసే దాకా ఆగి, పెడల్ తొక్కితే నూనెను తోసే మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు వదులు చేయాలి. అక్కడ వదులు చేసినా చక్రం వదలకుండా, నిపిల్ తీస్తేనే వదిలితే మధ్యలో హోస్ మూసుకుపోయినట్టే.

చాలా పికప్‌లలో వెనక హౌసింగ్‌కు ఒక కడ్డీతో తగిలించిన వాల్వ్ ఉంటుంది. బరువు పడి చాసిస్ కిందికి దిగేకొద్దీ అది వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి ఇస్తుంది. ఎక్కువ బరువు మోయాలని అదనంగా కమాన్ పట్టీలు వేయించుకుంటే బండి ఎత్తు పెరుగుతుంది. దాంతో నిండు బరువు ఉన్నా ఆ వాల్వుకు బండి ఖాళీగా ఉన్నట్టే తోస్తుంది. వెనక బ్రేకులు సగం సగమే పడతాయి. పట్టీలు మార్చినప్పుడు ఆ కడ్డీని కూడా సరిచేయాలి. పట్టీలను బిగించే యూ-బోల్టులు ఒకసారి విప్పాక కొత్తవే వేయాలి, అవి బిగించినప్పుడు సాగిపోతాయి. పట్టీ చివర్లలోని రబ్బరు బుష్‌ల బోల్టులను బండి బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.

ఇంజన్ పోయిన పికప్‌కు ఇంకో ఇంజన్ దొరుకుతుంది. చాసిస్ తుప్పు పట్టిన బండికి దారి మూసుకుపోయినట్టే. ఇది పాతకాలపు బండ్లకే వచ్చే జబ్బు కాదు. అమెరికాలో చాసిస్ తుప్పు దావాలో టొయోటా 2016లో రాజీకి ఒప్పుకుంది. దాదాపు 15 లక్షల టకోమా, టండ్రా, సెకోయా బండ్లకు పరీక్షలు, చాసిస్ మార్పిడి కలిపి దాని విలువ 340 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని లెక్కగట్టారు. వాటిలో చాలా బండ్లకు అప్పటికి పదేళ్ళు కూడా నిండలేదు.

తుప్పు బయటి నుంచి కాక లోపలి నుంచి తింటుంది. పెట్టెలా మూసి ఉన్న చాసిస్ భాగాల్లో బురద చేరి తేమ ఆరదు. వెనక పట్టీల బ్రాకెట్లు, క్యాబిన్ వెనక వంపు, డీజిల్ ట్యాంకు పైభాగం, అడ్డకమ్మీలు కలిసే చోట్లు మొదట చూడాలి. సుత్తితో తట్టుకుంటూ పోతే మంచి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన చోట మొద్దు శబ్దం వస్తుంది. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవర్ మొనతో పొడవాలి. దిగితే అది ఇనుము కాదు. చాసిస్ మీదుగా వెళ్ళే బ్రేక్ స్టీలు పైపులు కూడా అప్పుడే చూసుకోవాలి. తుప్పు మీద నల్లటి రబ్బరు కోటింగ్ కొట్టించడం బండిని అమ్మేవారికి పనికొస్తుంది గానీ ఉంచుకునేవారికి కాదు, తేమ దాని కింద ఇరుక్కుపోతుంది. కడిగి, నీరు కారే రంధ్రాలు తెరిచి, ఆరాక మైనం లేదా నూనె ఆధారంగా తయారైన పూత సందుల్లోకి పాకేలా కొట్టడం మంచి పద్ధతి.

ఇక జాకీ. బండి కిందికి దూరే ముందు జాకీ స్టాండ్లు తప్పనిసరి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు చెప్పకుండా పగులుతాయి. పికప్‌కు ప్రత్యేకంగా ఒక ప్రమాదం ఉంది. వెనక చక్రం ఒక్కటే ఎత్తినప్పుడు బండి గేర్‌లో ఉంది కదా, కదలదులే అనుకుంటారు. రెండు వెనక చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే మామూలు డిఫరెన్షియల్‌లో గాలిలో ఉన్న చక్రం ఒక దిక్కు తిరిగితే నేల మీది చక్రం ఇంకో దిక్కు తిరగగలదు. గేర్ పట్టు అక్కడ పనికిరాదు. హ్యాండ్‌బ్రేక్ కూడా ఎక్కువ బండ్లలో వెనక చక్రాల మీదే, కొన్నిటిలో గేర్ బాక్సు వెనక షాఫ్టు మీద. కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టకుండా వెనక ఎత్తకూడదు. పాత బ్రేక్ షూల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి దాన్ని గాలితో ఊదకుండా తడిపి తుడవాలి.

బిగుసుకున్న బోల్టుతో కుస్తీ పట్టే ముందు వైరు బ్రష్‌తో మరలు శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయాలి. పన్నెండు మూలల సాకెట్ కంటే ఆరు మూలలది తలను గట్టిగా పట్టుకుంటుంది. మొదట ఒక వెంట్రుకవాసి బిగించి, తర్వాత విప్పుతూ, ముందుకీ వెనక్కీ ఆడించాలి.

కొన్ని పనులు ఎంత తీరిక ఉన్నా ఇంట్లో మొదలుపెట్టకూడదు. క్రౌన్ పినియన్ (హౌసింగ్ లోపలి ప్రధాన గేర్ల జత) సెట్టింగ్, డీజిల్ పంపు క్యాలిబ్రేషన్, బరువు మోసే చోట చాసిస్ వెల్డింగ్ ఆ కోవలోవి. వాటి కోసం వర్క్‌షాపుకు వెళ్ళేటప్పుడు ఇంట్లో తీసిన కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్ళాలి. “వెనక శబ్దం వస్తోంది” అంటే ఎక్కడి నుంచైనా మొదలుపెడతారు. “60 స్పీడులో యాక్సిలరేటర్ వదిలినప్పుడే వస్తోంది, జాయింట్ క్రాసుల్లో ఆట లేదు, హౌసింగ్ ఆయిల్‌లో ఇనుప రజను కనబడింది” అంటే మెకానిక్ నేరుగా క్రౌన్ దగ్గరికే వెళ్తాడు. ఊడదీసిన పాత పార్టులు తిరిగి ఇమ్మని ముందే చెప్పాలి. పినియన్ పళ్ళ మీది గుర్తులు, బేరింగ్ గాడులు చూస్తే ఆ హౌసింగ్‌లో ఎప్పుడో నూనె తగ్గిందా, నీళ్ళు చేరాయా అన్నది తేలిపోతుంది. అది తెలియకుండా కొత్త క్రౌన్ వేయించి లాభం లేదు.